వృషణ క్యాన్సరు: చికిత్సానంతర హార్మోను స్థితి

వృషణములందలి బీజకణములనుండి పుట్టు క్యాన్సరు ప్రాయికముగా 15 మొదలు 40 ఏండ్ల వయసు పురుషులకు కలుగును. 1970వ దశకమున అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయ వైద్యుడు లారెన్స్ ఐన్‌హార్న్ సిస్ప్లాటిన్ అను ప్లాటినపు ఔషధమును ఇతర మందులతో మేళవించి ప్రయోగించిన పిదప, దేహమున వ్యాపించిన దశయందు సైతము ఈ వ్యాధి చాలమందికి నయము కాదొడగెను. యౌవనముననే స్వస్థుడైన రోగికి ఇంకను దశాబ్దముల జీవితముండుటచే, హార్మోనుల పరిశీలన క్యాన్సరు పరిశీలనకంటె దీర్ఘకాలము సాగవలసియున్నది.

హార్మోను లోపమునకు కారణములు: వృషణములలోని లీడిగ్ కణములు పీయూషగ్రంథి స్రవించు ఎల్.హెచ్. (ల్యూటినైజింగ్ హార్మోను) ప్రేరణచే పురుష హార్మోనైన టెస్టోస్టెరాన్‌ను ఉత్పత్తి చేయును. ఒక వృషణమును తొలగించినను రెండవది సాధారణముగా ఆ లోటును పూరించును. కాని కీమోథెరపీ, కిరణచికిత్స, లేక మిగిలిన వృషణమునకు మొదటినుండియుగల దౌర్బల్యము ఆ శక్తిని క్షీణింపజేయవచ్చును. అప్పుడు పీయూషగ్రంథి ఎల్.హెచ్.ను హెచ్చుగా విడుదల చేసి టెస్టోస్టెరాన్ మట్టమును కొంతకాలము నిలుపును గనుక, టెస్టోస్టెరాన్ సరిగానుండియు ఎల్.హెచ్. పెరిగియుండుట రానున్న లోపమునకు సూచన కావచ్చును.

లక్షణములు: అలసట, కామేచ్ఛ తగ్గుట, కండరబలము సన్నగిల్లుట, మనోవ్యాకులత, నడుముచుట్టు కొవ్వు చేరుట కాననగును. లోపము చిరకాలము నిలిచినచో ఎముకలు గుల్లబారును; మధుమేహ, హృద్రోగముల అవకాశము హెచ్చును.

పరీక్ష, చికిత్స: టెస్టోస్టెరాన్ ఉదయమున అధికముగానుండును గనుక ఉదయపు రక్తమునే, వేర్వేరు దినములలో రెండుమారులు పరీక్షింపవలెను. డెసిలీటరునకు 300 నానోగ్రాములకంటె తక్కువయై, లక్షణములును గలచో, సూదిమందుగనో జెల్‌గనో ఆ హార్మోనును ఇత్తురు. ఇట్లు బయటనుండి ఇచ్చు టెస్టోస్టెరాన్ శుక్రకణోత్పత్తిని అణచును, రక్తమును చిక్కబరుపనువచ్చును. కావున సంతానము కోరువారు దీనిని వాడరాదు; క్యాన్సరు చికిత్సకు పూర్వమే వీర్యమును భద్రపరచుకొనుట శ్రేయస్కరము. రెండు వృషణములును తొలగింపబడినవారికి ఈ హార్మోను యావజ్జీవము అవసరము.

రాయపూర్ ప్రాంతము: ఛత్తీస్‌గఢ్ రాజధానియైన రాయపూర్‌లో 2012లో వెలసిన ఎయిమ్స్, అంబేద్కర్ ఆసుపత్రికి చెందిన ప్రాంతీయ క్యాన్సరు కేంద్రము, నవా రాయపూర్‌లో 2018లో ఆరంభమైన బాల్కో మెడికల్ సెంటర్ క్యాన్సరు వైద్యమునకు ఉన్నవి. ఈ రాష్ట్రమున విస్తారముగానున్న సికిల్ సెల్ అను రక్తవ్యాధి సైతము వృషణములకు రక్తప్రసారమును తగ్గించి టెస్టోస్టెరాన్‌ను క్షీణింపజేయగలదు. అందుచే ఇచ్చటి రోగియందు హార్మోను లోపము కానవచ్చినపుడు, అది క్యాన్సరు చికిత్సా ఫలమని తలచి ఊరకొనక, ఆ రెండవ కారణమునుగూడ విచారింపవలెను. చికిత్స ఎచ్చట జరిగినను, వాడిన మందుల పేర్లును మోతాదులునుగల పత్రములను రోగి పదిలపరచుకొనుట తదుపరి వైద్యునకు మిగుల ఉపకరించును.