చిన్ సైనికుడి అంగీ రంగు: ప్రాచీన చైనా సైన్యాలను తెలుసుకునే ఆధారాలు

పాతకాలపు యుద్ధాలను బల్లపై చిన్న సైనిక బొమ్మలతో తిరిగి ఆడే అభిరుచి పాశ్చాత్య దేశాల్లో బాగా వ్యాపించింది. దీనిని మినియేచర్ వార్‌గేమింగ్ అంటారు. హెచ్.జి. వెల్స్ 1913లోనే 'లిటిల్ వార్స్' పేరుతో ఇటువంటి ఆటకు నియమాలు రాశాడు. నేటి ఆటగాళ్లు సాధారణంగా 15 లేదా 28 మిల్లీమీటర్ల బొమ్మలను కొని, వాటికి తామే రంగులు వేసుకుని, దళాలుగా నిలుపుతారు.

చరిత్ర విద్యార్థికి ఈ ఆటతో ఏం పని అని మీరు అడగవచ్చు. చరిత్రకారుడు 'చిన్ రాజ్య సైన్యం మిక్కిలి బలమైనది' అని ఒక వాక్యం రాసి ముందుకు సాగిపోగలడు. బొమ్మకు రంగు వేసే మనిషికి ఆ వెసులుబాటు లేదు. తలపై ఏముంది, చేతిలో ఏముంది, అంగీది ఏ రంగు అన్న ప్రతి ప్రశ్నకూ అతనికి సమాధానం కావాలి. క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసిన చిన్ సైన్యాన్నే ఉదాహరణగా తీసుకుని, ఆ సమాధానాలు ఎక్కడ దొరుకుతాయో చూద్దాం.

చాలాకాలం వరకు ముఖ్య ఆధారం గ్రంథాలే. వాటిలో ప్రధానమైనది సుమా చియెన్ రచించిన 'షీజీ'. అయితే ఇది చిన్ వంశం పతనమైన సుమారు వంద సంవత్సరాల తరువాత, హాన్ వంశ కాలంలో పూర్తయింది. చూ రాజ్యంపైకి సేనాని వాంగ్ జియెన్ 6 లక్షల మందితో వెళ్లాడని అందులో ఉంది. ఆ సంఖ్యను నమ్మాలా వద్దా అన్న చర్చ పెద్దది, ఇక్కడ దాని జోలికి పోవడం లేదు. సైనికుల దుస్తుల గురించి మాత్రం ఆ గ్రంథం చెప్పేది బహు స్వల్పం.

1974లో సియాన్ నగర సమీపంలో రైతులు బావి తవ్వుతుండగా మట్టి సైనికుల విగ్రహాలు బయటపడ్డాయి. మొదటి చక్రవర్తి సమాధి కోసం నిలువెత్తున చేసిన ఈ విగ్రహాలు వేల సంఖ్యలో ఉన్నాయి. పదాతులు, రథాలు, అశ్వికులు ఉన్నారు. మన చతురంగ బలాల్లోని ఏనుగు లేదు, కానీ మీట నొక్కి బాణం వదిలే క్రాస్‌బౌ ధరించిన విలుకాండ్రు ఉన్నారు. వీరిలో ఎవరికీ శిరస్త్రాణం లేదు. 'షీజీ'లో కూడా చిన్ యోధులు తలకు రక్షణ లేకుండా శత్రువుపైకి దూకుతారన్న మాట ఉంది. గ్రంథమూ విగ్రహమూ ఒకే మాట చెప్పినట్లయింది. ఇక సందేహం దేనికి?

సందేహించవలసిన చోటు ఇదే. ఆ మాట దౌత్యవేత్త జాంగ్ యీ నోటిది. పొరుగు రాజును భయపెట్టి లొంగదీయడానికి చేసిన ప్రసంగంలోది. ఇక విగ్రహాలు సమాధికి కాపలాగా నిలిపినవి, యుద్ధరంగంలోనివి కావు. 1998లో అదే సమాధి ప్రాంగణంలోని మరో గుంటలో, సున్నపురాతి పలకలను రాగి తీగతో కూర్చి చేసిన కవచాలు, వాటితోపాటు శిరస్త్రాణాలు పదుల సంఖ్యలో దొరికాయి. ఆటగాళ్లు ఎక్కువగా వాడిన క్రిస్ పీర్స్ పుస్తకం 'ఏన్షియంట్ చైనీస్ ఆర్మీస్' 1990లో వెలువడేనాటికి అవి ఇంకా మట్టిలోనే ఉన్నాయి. కాబట్టి ఆధారాల సంఖ్యను లెక్కపెట్టడం కాదు, ఒక్కొక్కటి ఎవరు, ఎందుకు తయారుచేశారో అడగడం ముఖ్యం.

ఇక అంగీ రంగు. మట్టి సైనికులకు మొదట రంగులు ఉండేవి. తవ్వి గాలి తగలగానే రంగు కింది లక్కపూత ముడుచుకుని పెచ్చులూడిపోయేది. మిగిలిన జాడలను బట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా రంగులు కనిపించాయి. దళానికొక రంగు అన్న క్రమం మాత్రం లేదు. అంత కట్టుదిట్టమైన రాజ్యంలో సైన్యానికి ఒకే రంగు దుస్తులు లేవా?

దీనికి జవాబు హుబే రాష్ట్రంలోని షుయిహుది సమాధుల్లో దొరికింది. 1975-76లో తవ్విన పదకొండో సమాధిలో, షీ అనే స్థానిక అధికారి పక్కన, వెయ్యికి పైగా వెదురు బద్దలపై రాసిన పత్రాలు ఉన్నాయి. చిన్ చట్టాలు అందులోవే. ప్రభుత్వ ఆయుధాలపై కార్యాలయం పేరు చెక్కాలి, చెక్కడం కుదరకపోతే ఎర్రరంగుతోగాని లక్కతోగాని రాయాలి అని ఒక నిబంధన. జరిమానాలను కూడా ఒక డాలు, ఒక కవచం, రెండు కవచాలు అన్న లెక్కలో విధించేవారు. మట్టి సైనికుల గుంటల్లో దొరికిన ఆయుధాలపై సంవత్సరం, పర్యవేక్షించిన ప్రధానమంత్రి లూ బువెయ్ పేరు, చేసిన పనివాడి పేరు చెక్కి ఉండటం దీనితో సరిపోతుంది. ఆయుధం రాజ్యానిది, దానికి లెక్క ఉంది.

నాలుగో సమాధిలో రెండు చెక్కపలకలు దొరికాయి. అవి క్రీ.పూ. 223 ప్రాంతంలో హేఫు, జింగ్ అనే ఇద్దరు చిన్ సైనికులు యుద్ధరంగం నుండి ఇంటికి రాసిన ఉత్తరాలు. చైనాలో ఇంతవరకు దొరికిన ఇంటి ఉత్తరాల్లో అతి ప్రాచీనమైనవిగా వీటిని పరిగణిస్తారు. హేఫు తల్లిని వేసవి బట్టలు అడుగుతాడు. మన ఊళ్లో గుడ్డ చవకగా ఉంటే కుట్టించి డబ్బుతోపాటు పంపమని, ధర ఎక్కువైతే డబ్బు మాత్రమే పంపితే ఇక్కడే కొనుక్కుంటానని చెబుతాడు. జింగ్ పరిస్థితి ఇంకా కష్టం. అప్పు చేశాడు. ఐదారు వందల నాణేలు, మంచి గుడ్డ కావాలంటాడు, పంపకపోతే తన ప్రాణం దక్కదంటాడు. త్వరగా అన్న అర్థమిచ్చే అక్షరాన్ని మూడుసార్లు రాశాడు.

ఆయుధం రాజ్యం ఇచ్చింది, ఒంటిమీది బట్ట అమ్మ పంపాలి. ఒక్క వరుసలోనే ఇన్ని రంగులు ఎందుకున్నాయో దీనితో అర్థమవుతుంది. అందువల్ల రంగు వేసేవారు ఆయుధాలను ఒకే తీరుగా ఉంచి, అంగీలను ఇంటికొక తీరుగా వేయడం సబబు. కొన్ని వెలిసిపోయినవి, కొన్ని రంగు అద్దనివి కూడా ఉండవచ్చని నా అభిప్రాయం. గుంటల్లో దొరికిన సుమారు 40 వేల కంచు బాణపు మొనలకు మాత్రం ఒకే రంగు డబ్బా చాలు.

ఆ ఉత్తరాలు యుద్ధరంగం దగ్గర దొరికినవి కావు. అన్నదమ్ముల సొంత ప్రాంతమైన ఆన్‌లూలోని సమాధిలో దొరికాయి. అంటే అవి ఇంటికి చేరాయి.