తీగపనివాని యనుమతి పత్రము

మీట నొక్కగనే దీపము వెలుగును. గోడలోపల నా తీగను బరచినవా డెవ్వడు, ఆ పని చేయుటకు వాని కధికార మెవ్వ రిచ్చిరి యని విచారించు గృహస్థులు మిక్కిలి యరుదు. మేమును చిరకాలము విచారింపలేదు.

కలకత్తా నగరమున 1899వ సంవత్సరము ఏప్రిలు 17వ తేదీన విద్యుచ్ఛక్తి సరఫరా ప్రారంభమయ్యెను. 1903లో నొక చట్టము పుట్టెను. దాని స్థానమున 1910లో వేరొకటి వచ్చెను. ఈ రెండవ చట్టమున లైసెన్సుదారు డనగా శక్తిని విక్రయించు కంపెనీయే. ఇంటిలోపలి పనిని క్రమపరచు భారము ఆ చట్టము ననుసరించి వెలువడిన నిబంధనలపై బడెను.

వానిలో 1956 నాటి 45వ నిబంధన గృహస్థు లెల్లరు తెలిసికొనదగినది. తీగలు క్రొత్తగా వేయుటయే గాక, ఉన్నవానిని మార్చుటయు బాగుచేయుటయు రాష్ట్ర ప్రభుత్వపు లైసెన్సు గల కంట్రాక్టరే చేయింపవలెను. యోగ్యతాపత్రము గల సూపర్వైజరు దగ్గర నుండి చూడవలెను. తీగ చేత బట్టినవానికి పర్మిట్టు ఉండవలెను. దీపమును, ఫ్యూజును మార్చుకొనుట వంటి చిన్న పనులకు మాత్రము మినహాయింపు. ఈ క్రమము దప్పిన పనికి శక్తి నీయగూడదని కూడ నందే కలదు. 2003లో 1910 నాటి చట్టము రద్దయ్యెను. 2010లోను, 2023లోను క్రొత్త భద్రతా నిబంధనలు వచ్చెను. మూడు పత్రముల యేర్పాటు మాత్రము నిలిచియే యున్నది.

రుసుముల నిర్ణయము రాష్ట్రములదే గనుక నవి తావు తావునకు భేదించును. హెచ్చని కంట్రాక్టర్లు గొణుగుట సహజమే. అంతకన్న పెద్ద చిక్కు వేరొకటి కలదు. పత్రము లేనిదే శక్తి రాదు గనుక పత్రమే సరకయ్యెను. లైసెన్సు గలవాడొకడు సంతకము నమ్మును. పని యెరుగని బాలు డొకడు నిచ్చెన యెక్కును.

వంటవాని తప్పు ముద్ద నోట బెట్టగనే తెలియును. తీగపనివాని తప్పట్లు గాదు. ఎర్తు తీగ లేకున్నను దీపము వెలుగును, పంకా తిరుగును. ఏనాడో ఇస్త్రీపెట్టెలోని తీగ యొరసి లోహమునకు శక్తి సోకినప్పుడు, అది భూమిలోనికి బోవు వేరు త్రోవ లేక, పట్టుకొన్నవారి దేహము గుండ బోవును. ఆ పెట్టెను బట్టువారు తరచుగా ఇంటి యాడువారో, పనివారో!

మా యింటి పనియు నొక కంట్రాక్టరు పేరనే జరిగెను. ఆయనను మేము చూచి యెరుగము. ముగింపు పత్రముపై సంతకము మాత్రము చక్కగా నుండెను. కొన్నియేండ్లకు నీళ్లు కాచు యంత్రమును దాకి మా వంటమనిషి కెవ్వున నరచెను. దైవవశమున బ్రదికినది. గోడ విప్పించి చూడగా ఎర్తు తీగ జానెడు దూరము పోయి సున్నములో ముగిసి యుండెను.

ఈ మారు వచ్చినవానిని పర్మిట్టు చూపు మంటిమి. అతడు నొచ్చుకొనలేదు. జేబులోనుండి తీసి చూపి, "ఇన్నాళ్లకు దీని నడిగినవారు తమరేనండీ" యనెను.