దిగుడు దారిలో తోక విసిరిన కారు

కొండెక్కేటప్పుడు గోవిందా అంటే భక్తి, దిగేటప్పుడు అంటే భయం అని మా నాన్నగారు పరిహాసమాడేవారు. ఆ మాటలోని నిజం నాకు 2010లో, ఒక కార్తీకమాసపు సాయంత్రం తెలిసింది.

ఈశాన్య ఋతుపవనాల వాన. తిరుమల నుంచి పాత ఘాటు రోడ్డున దిగుతున్నాము. వెనక సీటులో తలనీలాలిచ్చిన అమ్మ, ఆమె ఒడిలో లడ్డూల సంచి. నా చేతిలో ముందుచక్రాలతో నడిచే చిన్నకారు. అవ్వాచారికోన దాటాక ఒక వంపులో వేగం కాస్త ఎక్కువైందనిపించి, యాక్సిలరేటరు మీది కాలు చటుక్కున తీసేశాను. కారు ముక్కు నేను తిప్పినదానికన్నా ఎక్కువగా లోపలికి తిరిగింది. తోక లోయవైపు జారింది. పిట్టగోడకు జానెడు దూరంలో, రోడ్డుకు అడ్డంగా ఆగాము. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అదే నన్ను ఎక్కువగా భయపెట్టింది.

వెనక వస్తున్న టాక్సీ ఆగింది. అరవయ్యో పడిలో ఉన్న డ్రైవరు దిగి వచ్చి, "ఏం సామీ, మలుపులో కాలు తీసేసినావా? ముందుచక్రాల బండి తోక ఇసిరేస్తాది" అన్నాడు. టార్చిలైటు వేసి నా వెనక టైర్లు చూశాడు. "కొత్తవి ముందరేసి, అరిగినవి ఎనకేసినావే!" అన్నాడు. డబ్బు మిగుల్చుకుందామని రెండే కొన్నది నేనే. ఇంజను లాగేది ముందుచక్రాలను కనుక కొత్త టైర్లు ముందే ఉండాలని తర్కించినదీ నేనే.

ఆ రాత్రి నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే. ముందుచక్రాల కార్లు మలుపులో తిరగకుండా తిన్నగా పోవడానికే మొగ్గుతాయని నేను చదివిన పుస్తకాలన్నీ చెప్పాయి. మరి నా కారు తోక ఎందుకు విసిరింది?

ముందుగా మాటలు స్థిరపరచుకుందాం. కారు మనం కోరినదానికన్నా ఎక్కువ తిరిగితే ఓవర్‌స్టీర్, తక్కువ తిరిగితే అండర్‌స్టీర్. రోల్స్ రాయిస్ నుంచి అమెరికాలోని జనరల్ మోటార్స్‌కు వెళ్ళిన ఇంజనీరు మోరిస్ ఓలీ 1930లలో వీటిని శాస్త్రంగా తీర్చిదిద్దాడు. నేను వీటిని అతిమలుపు, కొరమలుపు అని రాసుకుంటాను. ఇంతకన్నా చక్కని మాటలు మిత్రులెవరికైనా తోస్తే సంతోషంగా మార్చుకుంటాను. "తోక విసరడం"తో పోటీపడగల మాట మాత్రం నాకింతవరకు దొరకలేదు.

ఇక దారి సంగతి. మెట్లమీద నడిచో, డోలీలోనో తప్ప కొండెక్కే వీలులేని కాలం 1944తో ముగిసింది. ఆ ఏడాది ఏప్రిల్ 10న మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ మొదటి ఘాటు రోడ్డును ప్రారంభించాడు. దాని రూపకల్పనలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి చేయి ఉంది. సుమారు 19 కిలోమీటర్లు. హెయిర్‌పిన్ వంపులు 36 అని లెక్క. దాదాపు 700 మీటర్ల ఎత్తును ఆ వంపులలో పంచి దించాలి. ఎక్కే బళ్ళూ దిగే బళ్ళూ అదే దారిలో తప్పుకుంటూ పోయేవి. 1974లో రెండో దారి తెరిచాక ఎక్కడం దానిమీదికి మారి, పాతదారి దిగడానికి మిగిలింది. ఇక్కడే ఒక విశేషముంది. మన రోడ్లమీద ముందుచక్రాల బండిని ఇంటింటి వాహనం చేసిన మారుతి 800 వచ్చింది 1983 డిసెంబరులో. అంటే అది పుట్టేనాటికే ఆ పాతదారిలో దానికి దిగుడు తప్ప ఎక్కుడు లేదు. ఆ జాతి బండికి తోక తేలికయ్యేది కూడా దిగేటప్పుడే.

ఎందుకంటారా? ముందుచక్రాల కారులో ఇంజను, గేర్‌పెట్టె అన్నీ ముందే ఉంటాయి. ఖాళీ కారు బరువులో సుమారు అరవై వంతులు ముందుచక్రాల మీదే. వాలులో మరికొంత ముందుకు ఒరుగుతుంది. అప్పుడు మలుపు మధ్యలో కాలు తీస్తే ఇంజను కారును పట్టి ఆపుతుంది, బరువు ఇంకా ముందుకు దొర్లుతుంది. ముందు టైర్లు నేలను గట్టిగా పట్టి లోపలికి తిరుగుతాయి. వెనక టైర్ల మీద బరువు తగ్గి పట్టు సడలుతుంది. ఆ వెనక టైర్లు అరిగినవైతే, కింద వాననీరుంటే, ఇక చెప్పేదేముంది! తిన్నగా పోయే స్వభావమున్న బండి గింగిరాలు తిరుగుతుంది. కొత్త టైర్లు రెండే కొంటే వాటిని ఎప్పుడూ వెనకనే వేయమని టైర్ల కంపెనీలు చెప్పేది ఇందుకే. పట్టు తప్పినట్టు ముందు టైర్లు స్టీరింగులో తెలియజేస్తాయి. వెనకవి చెప్పవు.

ఆ డ్రైవరు అన్న మరో మాట నాకు చాలారోజులు గుర్తుండిపోయింది. "ఈ కాలికి రెండుసార్లు బడి అయింది సామీ. అంబాసిడర్‌కి ఒకటి, ఈ బండ్లకి ఒకటి." అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రెండూ వెనకచక్రాల బళ్ళు. మలుపులో యాక్సిలరేటరు ఎక్కువ తొక్కితే వెనకచక్రాలు జారతాయి. కాలు మెల్లగా తీస్తే మళ్ళీ దారికొస్తాయి. ఒక తరం డ్రైవర్ల ఒంట్లో ఇంకిన పాఠమది. ముందుచక్రాల కారు ఆ పాఠాన్ని తలకిందులు చేసింది. తోక జారేది కాలు తీసినందుకు. సరిచేయాలంటే తోక జారిన దిక్కుకే స్టీరింగు తిప్పుతూ, యాక్సిలరేటరు కొంచెంగా తొక్కి, బరువును వెనక్కి పంపాలి. కాగితం మీద ఇది తేలిక. ఎదురుగా లోయ కనబడుతుంటే యాక్సిలరేటరు తొక్కమని ఎవరి కాలికి చెప్పగలం?

కాలికి చెప్పలేరు కనుకనే కాబోలు, దేవస్థానంవారు గడియారానికి చెప్పారు. పై గేటు దగ్గర సమయం వేసిన చీటీ ఇచ్చి, 40 నిమిషాలలోపు కిందికి చేరితే జరిమానా అనే పద్ధతి పెట్టారు. (గబగబా దిగి, గేటుకు కొంచెం ఇవతల నిలబడి మిగిలిన నిమిషాలు కాలక్షేపం చేసే మహానుభావులను నేనెరుగుదును.) ఆ చీటీ సగటు వేగాన్నే కొలవగలదు. ఒక్క వంపులో ఒక్క క్షణపు పొరపాటును పట్టుకోలేదు.

ఆ పనికి యంత్రం 1995లో వచ్చింది. బాష్ కంపెనీలో అంటన్ వాన్ జాంటెన్ నాయకత్వంలో రూపొందిన ఈఎస్‌పీని ముందుగా మెర్సిడెస్ పెద్దకార్లలో అమర్చారు. అది శ్రీమంతుల వస్తువుగానే మిగిలిపోయేదేమో. కానీ 1997 అక్టోబరులో స్వీడన్‌లో ఒక పత్రికవారు, రోడ్డుకు అడ్డంగా దుప్పి వచ్చినట్టు ఊహించి స్టీరింగు అటూ ఇటూ తిప్పే పరీక్షలో మెర్సిడెస్ ఏ-క్లాస్ పల్టీకొట్టింది. అది ముందుచక్రాల చిన్నకారు. కంపెనీ సరఫరా ఆపి, ఆ మోడలుకంతటికీ ఈఎస్‌పీని తప్పనిసరిగా అమర్చి మళ్ళీ విడుదల చేసింది. పెద్దకారు సొత్తు చిన్నకారుకు దిగింది ఆ అవమానం వల్లనే.

దాని పని చూడండి. డ్రైవరు స్టీరింగు ఎంత తిప్పాడో ఒక సెన్సరు చెబుతుంది. కారు తన ఇరుసు చుట్టూ నిజంగా ఎంత తిరుగుతోందో ఇంకొకటి చెబుతుంది. సెకనుకు 25 సార్లు ఈ రెంటినీ పోల్చి, తేడా వస్తే ఒకే ఒక చక్రానికి బ్రేకు వేస్తుంది. తోక జారితే వంపుకు బయటివైపు ముందుచక్రం. ముక్కు తిన్నగా పోతే లోపలివైపు వెనకచక్రం. మనిషికి నాలుగు చక్రాలకూ కలిపి ఒక్కటే బ్రేకు పెడలు. ఎంత గొప్ప డ్రైవరైనా కాలితో చేయలేని పని ఇదొక్కటే. అయితే నేలమీద లేని పట్టును యంత్రమూ సృష్టించలేదు. ఆ అరిగిన టైర్లతో, ఆ వానలో, ఇంకాస్త వేగంగా వచ్చి ఉంటే ఏ ఈఎస్‌పీ నన్ను కాచేది కాదు.

అమెరికాలో 2012 మోడళ్ళకల్లా, ఐరోపాలో 2014 నవంబరుకల్లా అన్ని కొత్త కార్లకూ ఇది తప్పనిసరి అయింది. మనదేశంలో 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో మూడు నక్షత్రాలు, ఆపైన రావాలంటే ఇది ఉండితీరాలి. ఏ-క్లాస్ పల్టీకి అప్పటికి ఇరవయ్యారేళ్ళు. తిరుమలకు వచ్చే బళ్ళలో ఎక్కువ భాగం మధ్యతరగతి చిన్నకార్లేనని తలచుకుంటే ఆ జాప్యం నాకు క్షమించరానిదిగా తోస్తుంది.

పోయిన కార్తీకంలో మళ్ళీ దిగాము. కొత్త కారు, నాలుగూ కొత్త టైర్లు, రెండో గేరు, సన్నటి జల్లు. ఒక వంపులో మీటరు పలక మీద పసుపుపచ్చ దీపం రెండుసార్లు మినుకుమంది. కారు కించిత్తు కూడా కదలలేదు. పక్కసీటులో ఉన్న అమ్మ, "అదేందిరా, ఆ దీపం?" అంది.

"ఏం లేదమ్మా" అన్నాను. గేటు చేరేసరికి నలభై ఏడు నిమిషాలైంది.