జిమ్మర్‌మన్ తీర్పుపై ప్రజల, వార్తా మాధ్యమాల స్పందన

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, శాన్‌ఫర్డ్ పట్టణంలో 2013 జులై 13 శనివారం రాత్రి ఆరుగురు మహిళల జ్యూరీ జార్జ్ జిమ్మర్‌మన్‌ను నిర్దోషిగా ప్రకటించింది. ట్రేవాన్ మార్టిన్ అనే 17 ఏళ్ల నల్లజాతి కుర్రవాణ్ని కాల్చి చంపానని అతడు ఏనాడూ కాదనలేదు. ప్రాణభయంతో, ఆత్మరక్షణ కోసం కాల్చానన్నదే అతడి వాదన. ఆ తీర్పు మీద వచ్చినంత స్పందన ఇటీవలి అమెరికా చరిత్రలో చాలా కొద్ది క్రిమినల్ కేసులకే వచ్చింది. ఊరేగింపులు, దేశాధ్యక్షుడి ప్రసంగం, టీవీ చర్చలు, చట్టసభల్లో ధర్నాలు, చివరికి ఒక కొత్త ఉద్యమం కూడా దాని వెంటే వచ్చాయి.

ఘటన 2012 ఫిబ్రవరి 26 నాటిది. తండ్రితో కలిసి శాన్‌ఫర్డ్‌లోని ఒక గేటెడ్ కాలనీకి వచ్చిన మార్టిన్, దుకాణంలో మిఠాయి బిళ్లలు, ఒక శీతలపానీయం కొనుక్కుని వానలో తిరిగి వస్తున్నాడు. అతడి దగ్గర ఆయుధమేదీ లేదు. ఆ కాలనీ కాపలా బృందానికి సమన్వయకర్తగా ఉన్న 28 ఏళ్ల జిమ్మర్‌మన్ అతణ్ని అనుమానించి పోలీసులకు ఫోన్ చేశాడు. వెంబడించాల్సిన పని లేదని అవతలి ఉద్యోగి చెప్పాడు. కొన్ని నిమిషాల తర్వాత ఇద్దరి మధ్య పెనుగులాట జరిగి, ఛాతీలో తూటా దిగి మార్టిన్ చనిపోయాడు. జిమ్మర్‌మన్ ముక్కుకు, తల వెనుక గాయాలయ్యాయి. పోలీసులు అతణ్ని ప్రశ్నించి ఇంటికి పంపేశారు. ఎదురయ్యే ప్రమాదం నుంచి తప్పుకునే వీలున్నా తప్పుకోనక్కర్లేదని, ప్రాణభయం ఉంటే నిలబడి ఎదిరించవచ్చని చెప్పే ‘స్టాండ్ యువర్ గ్రౌండ్’ చట్టం 2005 నుంచి ఫ్లోరిడాలో ఉంది. అరెస్టు చేయకపోవడానికి అధికారులు చూపిన కారణం అదే.

తీర్పు మీద పెల్లుబికిన కోపానికి మూలం ఇక్కడే ఉంది. ఆరు వారాలకు పైగా అరెస్టు లేకపోవడంతో మార్టిన్ తల్లిదండ్రుల పేరిట నడిచిన ఆన్‌లైన్ అర్జీ మీద ఇరవై లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. చనిపోయిన రాత్రి అతడు వేసుకున్న టోపీ చొక్కా, అంటే హూడీ, నిరసన చిహ్నమైంది. మయామీ హీట్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు హూడీలు వేసుకుని తలలు వంచి ఫోటో దిగారు. తనకు కొడుకుంటే ట్రేవాన్‌లాగే ఉండేవాడని అధ్యక్షుడు ఒబామా 2012 మార్చిలో అన్నారు. మరోవైపు జిమ్మర్‌మన్ తెరిచిన వెబ్‌సైట్‌కు తక్కువ రోజుల్లోనే రెండు లక్షల డాలర్లకు పైగా విరాళాలొచ్చాయి. గవర్నర్ రిక్ స్కాట్ నియమించిన ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఏంజెలా కోరీ, ఏప్రిల్ 11న అతడి మీద సెకండ్ డిగ్రీ హత్యానేరం మోపారు. కేసు కోర్టు గడప తొక్కేనాటికే దేశం రెండు పక్షాలైంది.

ఇందులో మాధ్యమాల పాత్ర తక్కువేమీ కాదు. మొదట్లో మార్టిన్ పసితనం కనిపించే ఫోటోను, జిమ్మర్‌మన్ పాత పోలీసు కేసునాటి ఫోటోను పక్కపక్కనే వేశారు. తండ్రి తెల్లవాడు, తల్లి పెరూ దేశస్థురాలు అయిన నిందితుణ్ని ఏ జాతివాడని రాయాలో పత్రికలకు తెలియలేదు. ‘వైట్ హిస్పానిక్’ అన్న మాటే పెద్ద రగడైంది. పోలీస్ స్టేషన్ కెమెరా దృశ్యాల్లో గాయాలు కనిపించడం లేదని ఏబీసీ చానల్ చెప్పింది. కొద్ది రోజులకే అవే దృశ్యాలను స్పష్టపరచి చూస్తే తల మీద గుర్తులున్నాయని తనే ప్రసారం చేసింది. అన్నిటికంటే చెడ్డపేరు ఎన్బీసీకి వచ్చింది. ఫోనులో జిమ్మర్‌మన్ ఆ కుర్రవాడి వాలకం అనుమానంగా ఉందన్నాడు. ఆ తర్వాత పోలీసు ఉద్యోగి అతడు తెల్లవాడా, నల్లవాడా అని అడిగితేనే నల్లవాడిలా ఉన్నాడని చెప్పాడు. చానల్ ఆ ప్రశ్నను కత్తిరించి రెండు మాటలనూ అతికించింది. విన్నవాళ్లకు నల్లవాడు కనుకే అనుమానించాడన్నట్టు వినిపించింది. చానల్ క్షమాపణ చెప్పి కొందరిని ఉద్యోగాల నుంచి తీసేసింది. జిమ్మర్‌మన్ వేసిన పరువునష్టం దావాను 2014లో కోర్టు కొట్టేసింది. నష్టం మాత్రం అప్పటికే జరిగిపోయింది: అతడి పక్షాన ఉన్నవాళ్లు ఆ తర్వాత వచ్చిన ప్రతి వార్తనూ ఆ కత్తిరింపు కళ్లద్దాల్లోంచే చూశారు.

న్యాయమూర్తి డెబ్రా నెల్సన్ ముందు 2013 జూన్‌లో విచారణ మొదలైంది. స్టాండ్ యువర్ గ్రౌండ్ చట్టం కింద అసలు విచారణకు ముందే కేసు నుంచి బయటపడేలా దొరికే ముందస్తు మినహాయింపును డిఫెన్స్ లాయర్ మార్క్ ఓమారా కోరలేదు. మార్టిన్ పైన కూర్చుని కొడుతుంటే తప్పుకునే దారే లేదన్నది ఆయన వాదన. అయినా వెనక్కి తగ్గనక్కర్లేదన్న ఆ చట్టం మాటలు జ్యూరీకి ఇచ్చిన సూచనల్లో చేరాయి. పొరుగింటివాళ్లు పోలీసులకు చేసిన ఫోనులో రికార్డయిన ఆర్తనాదం తన కొడుకుదేనని ఇద్దరి తల్లులూ సాక్ష్యం చెప్పారు. ఆ గొంతు ఎవరిదో కోర్టులో తేలలేదు. తేలని ప్రతిదీ నిందితుడికే లాభించింది, ఎందుకంటే అది ఆత్మరక్షణ కాదని అనుమానానికి తావులేకుండా నిరూపించే భారం ఫ్లోరిడాలో ప్రాసిక్యూషన్‌ది. భారతదేశంలో 1872 సాక్ష్య చట్టం నుంచీ ఇది తలకిందులు. ఆత్మరక్షణ అని చెప్పుకునేవాడే దాన్ని సంభావ్యత మేరకైనా చూపాలి. జ్యూరీ ముందున్నది తూటా పేలిన క్షణం. వీధిలోకి వచ్చినవాళ్లు అడిగింది ఆ కుర్రవాణ్ని అసలెందుకు వెంబడించారని. రెండో ప్రశ్నకు జవాబిచ్చే పని ఆ కోర్టుకు ఎవరూ అప్పగించలేదు.

పదహారు గంటలకు పైగా చర్చించాక వెలువడిన తీర్పు తర్వాత శాన్‌ఫర్డ్ అల్లర్ల భయానికి భిన్నంగా ప్రశాంతంగానే ఉంది. ఓక్లండ్‌లో కిటికీలు పగిలాయి. లాస్ ఏంజెలిస్‌లో కొన్ని దుకాణాల మీద దాడులు, అరెస్టులు జరిగాయి. న్యూయార్క్‌లో వేలమంది యూనియన్ స్క్వేర్ నుంచి టైమ్స్ స్క్వేర్ దాకా నడిచారు. జులై 20న పౌరహక్కుల నాయకుడు అల్ షార్ప్టన్ పిలుపు మీద వందకు పైగా నగరాల్లో శాంతియుత సభలు జరిగాయి. స్టాండ్ యువర్ గ్రౌండ్ చట్టం రద్దయ్యేదాకా ఫ్లోరిడాలో పాడనని గాయకుడు స్టీవీ వండర్ ప్రకటించాడు. ఇటు తన కక్షిదారు నల్లవాడైతే అసలు కేసే పెట్టేవారు కాదని ఓమారా విలేఖరుల సమావేశంలో అనడం కొత్త దుమారం లేపింది.

జ్యూరీ మాట్లాడింది, దాన్ని గౌరవించాలని ఒబామా మర్నాడు ఒక ప్రకటన ఇచ్చారు. అది చప్పగా ఉందని నల్లజాతి నాయకులు నొచ్చుకున్నారు. జులై 19న ఆయన చెప్పాపెట్టకుండా వైట్‌హౌస్ విలేఖరుల గదికి వచ్చి, 35 ఏళ్ల కిందట ట్రేవాన్ స్థానంలో తానే ఉండి ఉండవచ్చని అన్నారు. దుకాణాల్లో వెంట పడే చూపులు, తాను దాటుతుంటే కార్ల తలుపులు బిగుసుకునే చప్పుడు తనకూ తెలుసన్నారు. జాతి గురించి ఆచితూచి మాట్లాడే అధ్యక్షుడి నోట ఇంత సూటి మాట అరుదు. జాతి విద్వేషాన్ని రాజేస్తున్నారని ప్రత్యర్థులు విమర్శించారు. అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్ ఓర్లాండోలో జరిగిన నల్లజాతి పౌరహక్కుల సంస్థ ఎన్ఏఏసీపీ సభలో స్టాండ్ యువర్ గ్రౌండ్ చట్టాలనే తప్పుపట్టారు. మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, డెమొక్రాటే అయినా, ఉన్న సాక్ష్యాలను బట్టి జ్యూరీ సరైన నిర్ణయమే తీసుకుందన్నారు.

ప్యూ రిసర్చ్ సెంటర్ ఆ జులైలోనే జరిపిన సర్వేలో తీర్పు పట్ల 39 శాతం తృప్తి, 42 శాతం అసంతృప్తి వెల్లడించారు. పైకి సమానంగా కనిపించే ఈ అంకెలను జాతుల వారీగా విడదీస్తే సంగతి బయటపడుతుంది. తెల్లవారిలో 49 శాతం తృప్తిపడ్డారు, 30 శాతం పడలేదు. నల్లవారిలో తృప్తిపడినవారు 5 శాతమే, అసంతృప్తి చెందినవారు 86 శాతం. జాతి ప్రస్తావన అవసరానికి మించి వస్తోందని తెల్లవారిలో అత్యధికులు అన్నారు. మాట్లాడాల్సిన విషయమే ఇదని నల్లవారిలో నాలుగింట మూడొంతులకు పైగా అన్నారు.

విచారణనంతా ప్రత్యక్షంగా చూపిన టీవీ చానళ్లు తీర్పు తర్వాత జ్యూరీ సభ్యుల వెంటపడ్డాయి. బీ37 అనే సంఖ్యతో మాత్రమే తెలిసిన సభ్యురాలు సీఎన్ఎన్‌లో ముఖం కనిపించకుండా మాట్లాడుతూ, మొదటి ఓటులో ముగ్గురు నిర్దోషి అన్నారని, మిగిలిన ముగ్గురు ఏదో ఒక నేరానికి శిక్ష పడాలన్నారని చెప్పింది. ఆమె పుస్తకం రాయబోతోందన్న వార్తకు ఇంటర్నెట్‌లో వచ్చిన నిరసన ధాటికి ఏజెంటు ఒక్కరోజులోనే ఒప్పందం వదులుకుంది. జ్యూరీలో తెల్లజాతికి చెందని ఒకే ఒక్క సభ్యురాలు, బీ29, ఏబీసీ చానల్లో మరో మాట చెప్పింది: అతడు హత్య చేసి తప్పించుకున్నాడని తన మనసు అంటున్నా, చట్టం ప్రకారం చేతులు కట్టేసినట్టయిందని. తీర్పు వ్యతిరేకులు, సమర్థకులు ఇద్దరూ ఆ ఒక్క ఇంటర్వ్యూనే తమ వాదనకు సాక్ష్యంగా వాడుకోవడం విశేషం.

తీర్పు రాత్రి ఉద్యమకారిణి అలీసియా గార్జా ఫేస్‌బుక్‌లో రాసిన మాటలను ఆమె మిత్రురాలు పాట్రిస్ కల్లర్స్ హ్యాష్‌ట్యాగ్‌గా మార్చింది. ఓపల్ టొమేటీ వారితో చేరింది. ‘బ్లాక్ లైవ్స్ మ్యాటర్’ పుట్టుక అదే. అది దేశమంతా తెలిసింది మరుసటి ఏడు ఫెర్గూసన్‌లో ఒక నల్లజాతి యువకుణ్ని పోలీసు కాల్చి చంపిన ఘటనతో. ఫ్లోరిడాలో డ్రీమ్ డిఫెండర్స్ యువజన బృందం స్టాండ్ యువర్ గ్రౌండ్ చట్టం మార్చాలంటూ నెల రోజులపాటు రాష్ట్ర శాసనసభ భవనంలో బైఠాయించింది. ఆ తర్వాత వచ్చిన రద్దు బిల్లు కమిటీలోనే వీగిపోయింది. పౌరహక్కుల ఉల్లంఘన కింద కేసు పెట్టడానికి తగిన ఆధారాలు లేవని కేంద్ర న్యాయశాఖ 2015 ఫిబ్రవరిలో ప్రకటించింది. 2017లో ఫ్లోరిడా తన చట్టాన్ని మార్చింది గానీ, నిరసనకారులు కోరిన దిశలో కాదు. ముందస్తు మినహాయింపు విచారణలో సైతం నిరూపణ భారాన్ని ప్రాసిక్యూషన్ మీదికే నెట్టింది. 2021లో ఒహాయో, అర్కన్సా రాష్ట్రాలు కూడా వెనక్కి తగ్గనక్కర్లేదన్న సూత్రాన్ని తమ చట్టాల్లో చేర్చుకున్నాయి.