బంతుల లెక్క

రెండేళ్ల కిందట మా వాడి బేస్‌బాల్ టీము వాళ్లు నా చేతిలో ఒక చిన్న క్లిక్కర్ పెట్టారు. మన పిల్లాడు బంతి విసిరినప్పుడల్లా ఒకసారి నొక్కాలి, అంతే. ఆట రూల్స్ సగం కూడా తెలియని నాకు ఆ పని అప్పగించారని మా వారు ఒకటే నవ్వు. "ఊళ్లో పాల లెక్క క్యాలెండర్ మీద రాసినదానివేగా, ఇదీ అంతే" అన్నారు. నేనూ అంతే అనుకున్నాను.

మొన్న మే నెలలో ఒకరోజు వాడు స్నానం చేసి వచ్చి ఎడమ చేత్తో తల తుడుచుకుంటున్నాడు. వాడిది కుడిచేతి వాటం. "చెయ్యి ఏమైందిరా?" అంటే "ఏం లేదమ్మా" అన్నాడు. మోచేతి లోపలి వైపు వేలితో తాకగానే చెయ్యి లాగేసుకున్నాడు.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి అడిగిన మొదటి ప్రశ్న, "వారానికి ఎన్ని బంతులు విసురుతాడు?" నేను కాస్త గర్వంగానే చెప్పాను. "శనివారం 62. పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 85 దాకా వేయొచ్చు కదండీ" అని. ఆవిడ తల ఊపి, "మరి ఆదివారం?" అంది. ఆదివారం వాడు ఇంకో టీముకి ఆడతాడు, ఊళ్లు తిరిగే టోర్నమెంట్ టీము. అక్కడ క్లిక్కర్ లేదు. లెక్క అడిగిన తల్లీ లేదు.

ఆ రాత్రి నిద్రపట్టక, అసలు ఈ 85 అనే అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఇది వట్టి ఆట రూలు కాదనీ, పిల్లల చేతుల మీద పెద్దవాళ్లు చాలా ఆలస్యంగా నేర్చుకున్న పాఠమనీ అర్థమైంది.

లిటిల్ లీగ్‌ను 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో కార్ల్ స్టోట్జ్ అనే ఆయన మొదలుపెట్టాడు. అప్పుడు ఉన్నవి మూడే టీములు. మొదటి ఆటలో లండీ లంబర్ టీము లైకోమింగ్ డెయిరీ టీము మీద 23-8తో గెలిచింది. ఆ స్కోరు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు ఏ పిల్లాడు ఎన్ని బంతులు విసిరాడన్నది మాత్రం ఎవరూ చెప్పుకోరు. గెలుపోటములు రాసిపెట్టుకోవడం ముందు వచ్చింది, చేతుల లెక్క రాయడానికి చాలా ఏళ్లు పట్టింది.

1960లో ఇద్దరు రేడియాలజీ డాక్టర్లు, బ్రాగ్డన్, క్రో అనేవాళ్లు, ఎక్స్‌రేల్లో ఒకే రకం మార్పు గమనించి దానికి "లిటిల్ లీగర్స్ ఎల్బో" అని పేరు పెట్టారు. 1965లో కాలిఫోర్నియాలో జోయెల్ ఆడమ్స్ అనే ఎముకల డాక్టరు 162 మంది మగపిల్లల మోచేతులు పరీక్షించాడు. అందులో 80 మంది పిచ్చర్లు, అంటే బంతి విసిరేవాళ్లు. ఆ 80 మందిలో ప్రతి ఒక్కరి ఎముకలోనూ ఎంతో కొంత మార్పు కనిపించింది.

ఎందుకంటే, బంతి బలంగా విసిరినప్పుడు మోచేతి లోపలి వైపు సాగదీసినట్టు లాగుతుంది. పెద్దవాళ్లలో ఆ లాగుడికి లిగమెంటు తెగుతుంది. పిల్లల్లో లిగమెంటు కంటే మెత్తగా ఉండేది ఎముక చివర ఉన్న గ్రోత్ ప్లేట్, అంటే ఎముక ఇంకా పెరుగుతున్న చోటు. అందుకని ముందు దెబ్బ అక్కడ తగులుతుంది. "లేత ఎముక, బరువులు ఎత్తనివ్వకు" అని మా అమ్మమ్మ అనే మాట గుర్తొచ్చింది.

పెద్దవాళ్ల కథ మలుపు తిరిగింది 1974లో. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచ్చర్ టామీ జాన్ ఎడమ మోచేతి లిగమెంటు తెగిపోయింది. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆ సెప్టెంబరులో అతని కుడి ముంజేతి నుంచి ఒక టెండన్ తీసి ఎడమ మోచేతిలో అమర్చాడు. మళ్లీ ఆడే అవకాశం నూటికి ఒకటే అని జోబ్ అంచనా. టామీ జాన్ 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. మొత్తం 288 గెలుపుల్లో 164 ఆ ఆపరేషన్ తర్వాతవే. ఆ ఆపరేషన్‌కి అతని పేరే మిగిలిపోయింది.

ఇది నిజంగా గొప్ప సంగతి. కానీ తెగినా కుట్టించుకోవచ్చన్న ధైర్యం మెల్లగా ఇళ్లల్లోకి కూడా వచ్చింది. అలబామాలో డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్ దగ్గరికి పెద్ద ఆటగాళ్లతో పాటు హైస్కూలు పిల్లలూ ఆ ఆపరేషన్ కోసం రావడం మొదలైంది. 2006లో ఆయన బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. భుజానికో మోచేతికో ఆపరేషన్ అయిన 95 మంది కుర్రాళ్లనీ, ఏ దెబ్బా తగలని 45 మందినీ పోల్చి చూశారు. ఏడాదికి ఎనిమిది నెలలకు మించి పోటీల్లో విసిరినవాళ్లకి ముప్పు ఐదు రెట్లు. చెయ్యి అలిసిపోయినా తరచూ విసిరినవాళ్లకి 36 రెట్లు. ఆ అంకె దగ్గర నేను ఆగిపోయి మళ్లీ చదివాను.

అప్పటిదాకా లిటిల్ లీగ్‌లో పరిమితి ఇన్నింగ్స్ మీద ఉండేది. ఒక ఇన్నింగ్స్ పది బంతుల్లో అయిపోవచ్చు, నలభై కూడా పట్టొచ్చు. 2007 నుంచి బంతులే లెక్కపెట్టడం మొదలుపెట్టారు. 11, 12 ఏళ్లవాళ్లకి రోజుకి 85, తొమ్మిది, పదేళ్లవాళ్లకి 75. విశ్రాంతి లెక్క కూడా ఉంది. ఒక రోజు 51 నుంచి 65 బంతులు వేస్తే మూడు రోజులు విసరకూడదు, 65 దాటితే నాలుగు రోజులు. అంటే శనివారం 62 వేసిన మా వాడు బుధవారం దాకా బంతి పట్టకూడదు. కానీ ఆ రూలు ఆ లీగ్ ఆటలకే. పిల్లాడు ఆదివారం ఇంకో చొక్కా తొడుక్కుంటే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. చొక్కా మారింది గానీ చెయ్యి మారలేదు కదా!

ఇది అమెరికా వాళ్ల గొడవే అనుకోకండి. జపాన్‌లో హైస్కూలు పిల్లల కోషియెన్ టోర్నమెంట్ అంటే మనకి పండగ ఎంతో వాళ్లకి అంత. 1998లో మత్సుజాకా దైసుకే ఒకే ఆటలో 17 ఇన్నింగ్స్, 250 బంతులు విసిరాడు. అతణ్ణి దేశం వీరుడిగా చూసింది. 2019లో ససాకి రోకి అనే కుర్రాడి కోచ్ మాత్రం, గెలిస్తే కోషియెన్‌కి వెళ్లే ఫైనల్లో అతన్ని ఆడించలేదు. చెయ్యి పాడవుతుందని భయం. టీము 12-2తో ఓడిపోయింది. కోచ్‌ని తిడుతూ బడికి ఫోన్లు వచ్చాయి. ఆ మరుసటి ఏడాదే అక్కడ వారానికి 500 బంతుల పరిమితి వచ్చింది. ససాకి తర్వాత పెద్ద ఆటగాడయ్యాడు. అది చదివాక నాకు ఆ కుర్రాడి కంటే ఆ కోచే ఎక్కువ గుర్తుండిపోయాడు. ఊరంతా గెలుపు కావాలంటుంటే ఒక్కడే వద్దనడం ఎంత కష్టమో నాకు ఇప్పుడు తెలుసు.

ఎందుకంటే నేను అనలేదు. విశ్రాంతి రోజుల పట్టిక నాకు టీము వాళ్లు ఇచ్చిన కాగితంలోనే ఉంది. ఆదివారం వాడు విసరడం కూడా కళ్లారా చూశాను. "మరీ అతి చేస్తోంది ఈవిడ" అనుకుంటారేమో, వాడిని పక్కన కూర్చోబెడతారేమో అని నోరు మెదపలేదు. మా వాడిదీ అదే కథ. మూడు వారాలుగా నొప్పి ఉందట. చెబితే టోర్నమెంట్‌కి తీసుకెళ్లరని దాచాడు. ఒకే ఇంట్లో ఇద్దరం ఒకే భయంతో ఒకరికొకరం చెప్పుకోలేదు.

రెండు నెలలు బంతి పట్టొద్దన్నారు. మొదటి వారం నాతో మాట్లాడలేదు. రెండో వారం మా అత్తగారు ఫోన్ చేసి, "చెయ్యి బాగైతే చాలురా నాన్నా, ఆటదేముంది" అంటే ఏడ్చాడు. ఆటే ఉంది వాడికి. ఆ సంగతి నేను మర్చిపోకూడదు. ఆట మాన్పించడం సులువే. ఆడిస్తూ కాపాడటమే కష్టం.

ఇప్పుడు ఫ్రిజ్ మీద, ఇండియన్ స్టోర్‌లో ఇచ్చిన తెలుగు క్యాలెండర్‌లో రోజుకి ఎన్ని బంతులో రాస్తున్నాను. ఏ టీము అయినా, పెరట్లో వాళ్ల నాన్నతో అయినా, ఒకే గడిలో ఒకే అంకె. నొప్పి ఉంటే పక్కన చుక్క పెట్టాలి, ఆ చుక్క పెట్టే పని మాత్రం వాడిది. ఆదివారం టీము కోచ్‌కి ఆ పట్టిక ఫొటో తీసి పంపాను. "ఈ సీజన్‌కి ఒక్క టీమే" అని రాశాను. ఆయన దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు.

నిన్న సాయంత్రం డాక్టరమ్మ చెప్పినట్టే పెరట్లో మెల్లగా ఇరవై విసిరాడు. ఇరవై కాగానే తనే ఆగి, క్యాలెండర్ దగ్గరికి వెళ్లి రాసుకున్నాడు. చుక్క పెట్టలేదు. నిజంగానే లేదా అని ఇంకోసారి అడిగాను. "లేదమ్మా, ఉంటే చెప్తాను" అన్నాడు.