తన్ఖాలో కోత, దవాఖానా కర్జా

మా అబ్బా మున్సిపాలిటీలో గుమాస్తా. ఒకటో తారీఖున తన్ఖా తెచ్చి అమ్మీ చేతిలో పెట్టేవారు. అమ్మీ నోట్లు లెక్కపెడుతుంటే నేను కోతల కాగితం చూసేవాణ్ణి. ఉర్దూ మీడియం పిల్లాణ్ణి కదా, అందులో సగం అర్థమయ్యేది కాదు. ‘సొసైటీ లోను’ అన్న మాట మాత్రం నెలనెలా చూసీ చూసీ గుర్తుండిపోయింది. అమ్మీ ఆపరేషన్ కోసం చేసిన కర్జా అది. అసలు కన్నా సూద్ కట్టాల్సి రావడమే అబ్బాకు ఎక్కువ బాధ. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లం కాదు.

చాలా ఏళ్ల తర్వాత ఆరోగ్య బీమా చరిత్ర చదువుతుంటే, న్యూయార్క్ నగరంలోనూ కథ సొసైటీ లోనుతోనే మొదలైందని తెలిసింది. 1934 నుంచి 1945 దాకా అక్కడ ఫియోరెల్లో లా గార్డియా మేయర్. నగర ఉద్యోగులకు మన సొసైటీ లాంటి మున్సిపల్ క్రెడిట్ యూనియన్ ఉండేది. తన్ఖా వస్తూనే ఉన్నా వీళ్లంతా ఎందుకు అప్పు చేస్తున్నారని ఆరా తీస్తే, ఇలాజ్ ఖర్చులే ముందు వరసలో కనిపించాయి. మేయర్ సాబ్ తప్పు ఉద్యోగుల దుబారా మీదికి నెట్టలేదు. బీమారి రాకముందే అందరూ కొంచెం కొంచెం వేసుకునే పద్ధతి ఉండాలన్నాడు.

అలా 1944లో ‘హిప్’ అనే సంస్థ పుట్టి, 1947 మార్చి 1న పని మొదలుపెట్టింది. చందాలో సగం ఉద్యోగిది, సగం నగరానిది. డాక్టర్లు బృందాలుగా పనిచేస్తారు. వాళ్లకు తలకింత చొప్పున ముందే డబ్బు ముడుతుంది. రోగి జేబు తడుముకోవాల్సిన పని లేదు. డాక్టర్ల సంఘాలు దీన్ని గట్టిగా ఎదిరించాయి. దవాఖానాలో చేరితే అయ్యే బిల్లు మాత్రం ఇందులోకి రాదు. దానికి బ్లూ క్రాస్ అనే వేరే బీమా ఉండాల్సిందే.

సగం సగం అంటే ఇన్సాఫ్‌లాగే వినిపిస్తుంది. కానీ ప్రీమియం ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసి, తన్ఖా ఎంతో చూడకపోతే? ఊడ్చేవాడి సగం, ఆఫీసరు సగం ఒకటే అయితే, ఎవరి ఇంట్లో కూర తగ్గుతుందో వేరే చెప్పాలా? 1967 నాటి నగర చట్టంతో ఆ సగం కూడా నగరం మీదికే వెళ్లింది. ఉద్యోగులు, రిటైరైనవాళ్లు, వాళ్ల మీద ఆధారపడినవాళ్ల బీమా ఖర్చంతా నగరానిదే. హిప్ ప్లాను ధర దానికి హద్దు. 2021లో రిటైరైనవాళ్లను ప్రైవేటు కంపెనీ నడిపే మెడికేర్ ప్లానుకు మార్చబోతే, ఆ పెద్దవాళ్లు కోర్టుకెక్కింది ఈ చట్టం పట్టుకునే. రాసి ఉన్న హక్కు కాబట్టి కోర్టు దాకా వెళ్లగలిగారు.

హిప్ పుట్టిన 1944లోనే మన దేశంలో ప్రొఫెసర్ బి.పి. అదార్కర్ ఫ్యాక్టరీ కార్మికుల ఆరోగ్య బీమా మీద రిపోర్టు ఇచ్చాడు. దాని మీదే 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీల్లో పథకం మొదలైంది. ఇక్కడ చందా తన్ఖాను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. 2019 జులై నుంచి ఉద్యోగి హిస్సా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. ఇల్లంతటికీ ఇలాజ్ దొరుకుతుంది. జబ్బుతో పనికి వెళ్లలేకపోతే ఏడాదిలో 91 రోజుల దాకా కూలిలో 70 శాతం ఇస్తారు. ఈ విషయంలో నాకు న్యూయార్క్ కన్నా మన పద్ధతే నచ్చుతుంది. కాకపోతే నెలకు 21 వేలు దాటితే ఈఎస్ఐ లేదు. అబ్బాలాంటి పర్మనెంటు గుమాస్తాలు ఇందులోకి రానే రారు. మున్సిపాలిటీల్లో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకు మాత్రం వర్తిస్తుంది.

మా మొహల్లాలో చెత్త బండి నడిపే కుర్రాడొకడు మొన్న జీతం చీటీ పట్టుకొచ్చాడు. జీతం 20 వేలు.

“భాయ్, ఈ 150 ఎందుకు కోస్తున్నారు?”

“నీ 150కి కాంట్రాక్టరు ఇంకో 650 కలిపి నీ పేరున కట్టాలి బేటా.”

“ఆ 650 ఎక్కడ కనిపిస్తుంది?”

ఫోన్‌లో వాడి బీమా నంబరు కొట్టి చూశాం. మొదటి రెండు నెలలు జమ అయింది. తర్వాత నాలుగు నెలలు ఖాళీ.

కోత మాత్రం ఆరు చీటీల్లోనూ ఉంది. రేపు ఆ చీటీలు తీసుకుని ఇద్దరం ఈఎస్ఐ ఆఫీసుకు వెళ్తున్నాం.