ఏటికి ఎదురెక్కే చేపలు

మృగశిర కార్తె ప్రవేశించిన రోజున చేపల కూర తినడం మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పెద్దల నాటి ఆచారం. ఎండలు తగ్గి వాతావరణం చల్లబడే వేళ ఒంట్లో వేడి నిలవాలని పెద్దలు చెప్పేవారు. సరిగ్గా ఆ రోజుల్లోనే చేపలు కూడా తమ ఏటా చేసే ప్రయాణానికి సిద్ధమవుతాయి. ఆ ప్రయాణ చరిత్రను మన సభ్యులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మనది వాన తక్కువైన మెట్ట ప్రాంతం. అందుకే మన పూర్వులు గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. కందూరు చోడుల కాలపు పానగల్లు ఉదయసముద్రం ఈ సంప్రదాయానికి నేటికీ సాక్షి. పై చెరువు నిండి మత్తడి పడితే ఆ నీరు వాగు వెంట కింది చెరువుకు చేరుతుంది. ఆ కొత్తనీటి ఒరవడి తగలగానే కింది చెరువులోని పరకలు, జెల్లలు, వాలుగలు ప్రవాహానికి ఎదురెక్కుతాయి. కారణం గుడ్లు పెట్టడమే. కొత్తగా మునిగిన గడ్డి నేలల్లో పిల్లలకు మేత దండిగా దొరుకుతుంది, శత్రువుల బెడద తక్కువ. కొర్రమీను పద్ధతి మాత్రం వేరు. అది నిలవనీటిలోనే గూడు కట్టి పిల్లలను కాచుకుంటుంది.

మత్తడి దగ్గర ఊతలు, వలలు పట్టుకొని జనం గుమిగూడడం, కాలువలకు అడ్డంగా మావులు పెట్టడం మనలో చాలామంది చూసినదే. కష్టం లేకుండా చేపలు దొరికే రోజులవి. అయితే అప్పుడు చిక్కేవన్నీ గుడ్లతో నిండిన తల్లి చేపలే. ఒక్కొక్క తల్లి కడుపులో వేల గుడ్లుంటాయి.

ఈ ప్రమాదాన్ని గుర్తించిన తొలి శాస్త్రజ్ఞులలో సర్జన్ ఫ్రాన్సిస్ డే ఒకరు. 1873లో వెలువడిన నివేదికలో ఆయన ఆనకట్టల వద్ద ఆగిపోయిన చేపలను విచ్చలవిడిగా చంపుతున్నారని హెచ్చరించారు. 1897 నాటి భారత మత్స్య చట్టం మందుగుండుతో, విషంతో చేపలు పట్టడాన్ని నేరంగా ప్రకటించింది. వల కన్ను సైజును, స్థిరంగా కట్టే సాధనాలను నియంత్రించే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది.

నదుల సంగతి చూద్దాం. సముద్రం నుంచి నదిలోకి ఎక్కే చేపల్లో పేరెన్నికగన్నది పులస. గోదావరిలో వరద రోజుల్లో వచ్చే ఆ చేపకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అడ్డుగోడ అయింది. కృష్ణకు విజయవాడలో 1855లో ఆనకట్ట వచ్చింది, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వెలసింది. మన వైపు 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఆ తరువాత ఎగువన శ్రీశైలం, జూరాల వచ్చాయి. బీడు భూములకు నీరందింది, దీపాలు వెలిగాయి. ఆ మేలును ఎవరూ కాదనరు. జలాశయాల్లో చేపల వేట పెరిగి, కోస్తా జిల్లాల జాలరి కుటుంబాలు కూడా సాగర్, సోమశిల ఒడ్డులకు వచ్చి స్థిరపడ్డాయి. కానీ చేపల దారి మాత్రం ముక్కలైంది.

బొచ్చె, రవ్వ వంటి పెద్ద చేపలు చెరువులో పెరుగుతాయే గాని నిలవనీటిలో గుడ్లు పెట్టవు. ఈ చిక్కును విప్పినది డాక్టర్ హీరాలాల్ చౌధురి. 1957 జూలై 10న ఆయన బృందం చేపల తలలోని పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించింది. ఆ రోజునే జాతీయ చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నాం. నేడు చెరువుల్లో వదిలే చేపపిల్లలు ఆ విద్య ఫలమే. తెలంగాణలో 2016లో ఉచిత పంపిణీ కూడా మొదలైంది. అయితే పరకలు, జెల్లలు వంటి చిన్న చేపలను ఎవరూ తెచ్చి వదలరు. పేదవాని గిన్నెలోకి వచ్చే ఆ చేపలు మత్తడి దారి తెరిచి ఉంటేనే బతుకుతాయి.

మన పిల్లలు స్థిరపడిన అమెరికాలో ఇందుకు చక్కని ఉదాహరణ ఉంది. అక్కడ ఒంటిపై నల్లని చారలున్న బాస్ చేప ప్రతి వసంతంలో సముద్రం నుంచి నదుల్లోకి ఎక్కి గుడ్లు పెడుతుంది. ఎడాపెడా పట్టడంతో అది తగ్గిపోగా, 1985లో మేరీలాండ్ రాష్ట్రం దాని వేటను పూర్తిగా నిషేధించి అయిదేళ్లు నిలబెట్టింది. 1995 నాటికి ఆ చేప మళ్లీ కోలుకున్నదని అధికారికంగా ప్రకటించారు. జాలరులు ఓపిక పట్టారు, నది తన పని తాను చేసింది.

మన సముద్ర తీరంలోనూ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిలిపివేస్తారు. అదే నియమం మత్తడి పడే తొలి రోజులకు మన ఊరి చెరువులోనూ పాటిస్తే ఎంత మేలు! ఆ కొద్ది రోజులు మావులు ఎత్తి, తల్లి చేపలను పైకి పోనిస్తే చాలు. ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు, ఊరి మాట ఒకటైతే సరిపోతుంది. గ్రామాల్లో ఉంటున్న మన సభ్యులు మత్స్య సహకార సంఘాల పెద్దలతో, ఇంట్లో మనుమలు, మనుమరాండ్రతో ఈ విషయం ముచ్చటించవలసిందిగా మనవి.